చదరపు అంగుళం

ఎర్రగుంట్లలో రాయిని అడుగుల్లెక్కన అమ్ముతారు.
మా అమ్మ మస్తానమ్మ పాలిష్ ఫ్యాక్టరీలో
ఇరవై రెండేళ్లుగా బండలు కొలుస్తోంది.
చెవి మీద పెన్సిలు, నడుముకు టేపు,
నోట్లో లెక్క.
గుమాస్తా కాలిక్యులేటర్ తీసేలోగా
లారీ ఎంతకు పోతుందో చెప్పేస్తుంది.
జీతం మాత్రం గుమాస్తాకే ఎక్కువ,
అది వేరే లెక్క.

నా బొమ్మల్ని అంగుళాల్లో అమ్ముతారని
ఆమెకు మొన్ననే తెలిసింది.

హైదరాబాద్ గ్యాలరీ నుంచి ఫోను.
చేతుల నిండా బురద, స్పీకర్‌లో పెట్టాను.
బండను సాన పట్టేటప్పుడు కారే బూడిదరంగు నీళ్లు
తేరనిచ్చి, ఆరబెట్టి, జిగురు కలిపితే
నా రంగు.
"చదరపు అంగుళానికి నూటయాభై పెడదాం" అంది గ్యాలరీ ఆమె.
మంచి మనిషి. నన్ను చెల్లీ అంటుంది.
"ఓబులేసుకు?"
"నాలుగు వందలు. అతని సంగతి వేరు కదా."

ఓబులేసుదీ ఈ ఊరే. మాది ఒకే బ్యాచి.
పరీక్ష ముందురోజు నా బ్రష్షులే వాడుకున్నాడు,
కడిగే ఇచ్చాడు, అబద్ధమాడను.
వేరు అంటే ఏమిటని అడిగాను.
పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు
ఆమె గొంతు తగ్గించింది.
"కొనేవాళ్లకు భయం.
ఆడపిల్లవి, ముప్పై దాటాయి.
రేపు పెళ్లి, ఎల్లుండి పిల్లలు.
నువ్వు బొమ్మలు ఆపేస్తే వాళ్ల డబ్బేం కావాలి?
నాకూ ఇట్లాగే చెప్పారు ఒకప్పుడు.
అందుకే వేయడం మాని, అమ్మేదాన్నయ్యాను."

ఆ చివరి మాట దగ్గర ఇద్దరం ఊరుకున్నాం.
బయట కోత మిషను ఆగింది, కరెంటు పోయినట్టుంది.

సంగటి ముద్ద పళ్లెంలోనే పెట్టి అమ్మ అంది:
"అడుక్కు నూటా నలభై నాలుగు అంగుళాలు.
నీది రెండుకు మూడు, ఆరడుగులు.
లచ్చా ఇరవై తొమ్మిది వేల ఆర్నూరు.
వాందీ అంతే కొలత,
మూడు లచ్చల నలభై ఐదు వేల ఆర్నూరు.
మిగతా రెండు లచ్చల పదహారు వేలు
యాడికి పోయినాయి మే?"

వాడి బొమ్మ గ్యాలరీవాళ్ల కేటలాగులో ఉంది, తెరిచాను.
తలకు తువ్వాలు, మూతికి కొంగు,
కనురెప్పల మీద దుమ్ము.
పేరు: రాతి తల్లి.
అమ్మ పుస్తకాన్ని చేతికందినంత దూరం పెట్టి చూసింది.
"ఇది నేనే కదే! ఈ కొంగుకు మాసిక నేనేసిందే."
"నువ్వే."
"అయితే బొమ్మలో నేనుంటే నాలుగునూర్లు,
నా బిడ్డ గీస్తే నూటయాభైనా."
నవ్వింది.
నాకు రాలేదు.

లేచి చేయి కడుక్కుని, కొంగుకు తుడుచుకుని
గోడకానించిన నా బొమ్మ ముందు కూర్చుంది.
బండకు ధర తగ్గించాలంటే
మూల విరగాలి, నెర్రె పారాలి,
లేదా నీళ్లు చల్లితే మరక తేలాలి.
ఊరికే తగ్గించిన రోజు ఆమెకు లేదు.
బొటనవేలితో అంచు వెంబడి పోయింది,
పై అంచు, కుడి అంచు,
మేకుల దగ్గర ఇంకా మెల్లగా.
టేపు తీసి రెండుసార్లు కొలిచింది.
వెనక్కి తిప్పింది.
అక్కడ నా పేరు, మాబున్నీ, పెద్ద అక్షరాల్లో.
దాని మీద కూడా వేలు పెట్టి చూసింది.

"చెల్లీ, ఉన్నావా?"

ఫోను ఇంకా కట్ చేయలేదు నేను.

అమ్మ తలెత్తలేదు.
చెవి మీది పెన్సిలు తీస్తూ
"ఉండమను" అంది,
"పగులు యాడుందో ఇంకా దొరకలా."