పొట్టు

కాశీబుగ్గలో, రోడ్డుకానుకున్న రేకుల షెడ్డులో
ముప్పైయొక్క ఏళ్ళు జీడిపప్పు ఒలిచినాను.
జీడి కారి ఏళ్ళు నల్లబడ్డాయి గానీ
కన్నెప్పుడూ నన్ను మోసం సెయ్యనేదు.
గుండేదో, బద్దేదో, ముక్కేదో
సూపు తగిల్తే సాలు,
సెయ్యి దానంతటదే ఎల్లిపోయీది.

మొన్న మాగమాసంలో ఒక పొద్దున్న
పప్పు నడుమ సిల్లు కనిపించినాది.
పురుగనుకుని పక్కకి తోసీసినాను.
రెండోదానికీ సిల్లే. మూడోదానికీ.
తలెత్తితే మేస్త్రి గురువులు మొగానికీ సిల్లే,
మాటలు మట్టుకు ఆ సిల్లులోంచే ఒస్తన్నాయి.
ఎడంకన్ను మూసి సూస్తే
తలుపు కమ్మీలు ఏడినీళ్ళలో ఏసిన సేమియాలా ఒంగిపోనాయి.

ఆమదాలవలస దాకా పాసింజరు, అక్కణ్ణించి ఆటో.
సికాకుళం ఆస్పత్రిలో డాక్టరమ్మ సెప్పింది:
కంటి ఎనకాల, మొలవకూడని సోట
సన్నటి నరాలు మొలిసి తడి కారతందట.
సూదెయ్యాలంది.
సేతికేనా అమ్మా అన్నాను.
నవ్వనేదు ఆవిడ.

పచ్చటి సుక్కలు, రెప్పలకి ఇనప కొక్కెం.
"పైకి చూడమ్మా, కదలకు."
కొండ మీద దేవుడు కూడా అంత సేపు పైకి సూడమనడు.
ఆ రాత్రంతా కంట్లో నల్ల బుడగలు
గుండిగలో మినప్పప్పులా తిరిగినాయి,
తెల్లారేసరికి ఒక్కటీ నేదు.

నెలకొకటి. ఒక్కో సూదికీ ఒక రోజు కూలి ఎగిరిపోద్ది.
ఏడో సూది తరవాత కమ్మీలు కొంచెం నిటారయ్యాయి,
సిల్లు సిన్నదై సున్నిపిండి మరకలా మిగిలినాది.
డాక్టరమ్మ తెర మీద బొమ్మ సూపించింది,
నలుపూ తెలుపూ, పొరల మీద పొరలు.

"ఇదిగో, ఇక్కడ తడి ఆరిపోయింది. మంచిదే.
దీని కింద పొరని కోరాయిడ్ అంటారు,
పై పొరకి రక్తం అందించేది ఇదే.
మొదట్లో రెండువందల ముప్పై మైక్రాన్లుండేది,
ఇప్పుడు నూట తొంభై."
పలచబడ్డాదన్నమాట.
మందు వల్లేనా అన్నాను.
"మందు కావచ్చు, జబ్బు కావచ్చు, వయసూ కావచ్చు.
ఇంత తగ్గితే ఇంత నష్టమని గట్టిగా చెప్పలేను.
సూది మానేస్తే మాత్రం మళ్ళీ తడి వస్తుంది."

ఆ పొర ఏ రంగులో ఉంటాది అన్నాను.
ఆవిడ కాగితం మీంచి తలెత్తి నాకేసి సూసింది,
ఎవులూ అడగనేదు కాబోలు.
"గోధుమరంగులో ఉంటుందమ్మా. కాస్త ఎరుపు కూడా."

అదీ!
పెంకుకీ పప్పుకీ నడుమ ఉండీది అదే కదమ్మా,
నాకు తెలీకపోడమేటి.
పచ్చిగా ఉంటే పొట్టు వదలదు.
బోర్మాలో పెడితే ఆరి, పలచబడి, ఊడొస్తాది.
ఏడి ఒక్క గడియ ఎక్కువైతే
పొట్టుతో పాటు పప్పూ పగులుద్ది.
ఎంత ఏడి పెట్టాలో మా షెడ్డులో సిట్టెమ్మకే తెలుసు,
తలుపు మీద సెయ్యానించి సెప్పీసీది.
కంటికి ఆ సిట్టెమ్మ ఎవులో!

తిరుగు పాసింజర్లో కిటికీ కాడ కూకున్నాను.
తిలారు దాటినాక ఎడంకన్ను మూసినాను.
జీడితోటలు ఎల్తన్నాయి,
ఆ మరక పక్కనుంచి, మరక కిందనుంచి.
ఇన్నేళ్ళూ పొట్టు తియ్యడానికే కూలిచ్చినారు నాకు.
ఎన్ని బస్తాల పొట్టు ఊదినానో, తుమ్మినానో.
ఇప్పుడు లోపల ఒక్క పొట్టు
ఊడకుండా ఉండమని
ఏ దేవుడికి మొక్కాలో తెలీడం నేదు.

మర్నాడు పనికెల్లినాను.
ఏలితో తడిమి ఏరతన్నాను, కంటితో సగమే పని.
ఒక గుండు మీద, ఒంపు కాడ,
గోరంత ఎర్ర పొట్టు అంటుకునుంది.
గీకితే ఒక్క సిటికెలో పోద్ది.
గీకనేదు.
తెల్లటి గుండ్ల గుట్టలో అలగే ఏసీసినాను.

సాయంత్రం గురువులు దాన్ని రెండేళ్ళతో పట్టుకుని
షెడ్డంతా ఇనపడేలా అరిసినాడు,
"ఎవులిదిది?"

నాదేనన్నాను.