అద్దె వెలుతురు

పొద్దు గూకే వేళకి
నా మూడు చక్రాల రిక్షాలో
ఇరవై రెండు బ్యాటరీలు, ఇరవై రెండు బల్బులు.
ఏడురోడ్ల కూడలి కాడ మొదలెట్టి
నాగావళి వంతెన గాలి తగిలేదాకా
ఒక్కో బండికీ బొట్టు పెట్టినట్టు తగిలించుకుంటూ పోతాను.
రాత్రికి ముప్పై రూపాయలు.
బేరం లేని రోజు ఇరవై.
వాన రోజు, మాటాడుకోం.

పునుగుల దాలయ్యకి బల్బు మూకుడు మీదికి వంగాలి,
వేగిన ఎరుపు జనానికి కనపడాలట.
పాతబట్టల మస్తాన్‌బీకి వెనక్కి జరగాలి,
వెలుగెక్కువైతే వెలిసిన చోటు బయటపడిపోతాది.
తాళంచెవుల గౌరీసు వేళ్ళతోనే చూస్తాడు,
అయినా ఒకటి తీసుకుంటాడు:
"సీకట్లో కూకుంటే దొంగనుకుంటారు బావూ."

ఉడకబెట్టిన శనక్కాయల తవిటమ్మది ఆఖరి దీపం.
ఎదురు మందుల కొట్టు ట్యూబులైటు
తొమ్మిదిన్నర దాకా ఆమె గంప మీద ఊరికే పడతాది.
షట్టరు చప్పుడయ్యాకే నాకు కేక.
సగం రాత్రికి సగం అద్దె.

మొన్న జ్వరాల నెల.
ఒంటిగంటయినా కొట్టు మూయలేదు.
చీటీలు పట్టుకుని, పిల్లల్ని భుజాన్నేసుకుని
వరస రోడ్డు మీదికొచ్చింది.
పదిహేను రోజులు తవిటమ్మ నా దీపం ముట్టలేదు.
"డబ్బులు మిగిలాయి కదా పిన్నీ" అన్నాను.
కాయలు ఊరకే చేత్తో కలుపుతూ,
"ఎవులి గుంటడి ఒళ్ళు కాల్తే
ఈ ఎలుగు నాకొస్తన్నాదో" అంది.
పదహారో నాడు
కొట్టు తెరిచుండగానే
ముప్పై రూపాయలూ నా చేతిలో పెట్టి
ట్యూబులైటుకి వీపు చేసి కూకుంది.

పన్నెండు దాటాక పోలీసు ఈల.
అన్నీ మళ్ళీ ఏరుకుంటాను.
నిండుగున్నా, ఖాళీ అయినా
బ్యాటరీ చేతికి అంతే బరువు.
కవర్లమ్మే కుర్రాడిది సగానికి సగం మిగిలింది,
పదింటికే సర్దేశాడు.
సరుకంతా పోయో, ఒక్కటీ పోకో
ముల్లు చెప్పదు.
నేనూ అడగను.

ఇంట్లో ఒకటే గది.
గోడ పొడుగునా ప్లగ్గులకి తగిలిస్తే
ఇరవై రెండు ఎర్ర చుక్కలు.
"ఈదంతా మనింట్లోనే పడుకున్నట్టుంటాది"
అంటూ మా ఇంటిది ముసుగెట్టేస్తాది.
తెల్లారేలోగా అన్నీ పచ్చబడాలి.
మస్తాన్‌బీ బండిది
ఈ మధ్య ఎంతకీ పచ్చబడట్లేదు.
కొత్తదానికి పన్నెండొందలు.