మూడు వేల కిలోమీటర్లు

రెండు నిమిషాలు ఇంజన్ నడిపి ఆపేసిన.
వేడెక్కితేనే వదులుతది
లోపల పట్టుకున్నది ఏదైనా.

బోరబండ, సైట్ త్రీ. నల్లా రాకముందే
గల్లీల సెంటర్ స్టాండ్ ఏసి
సగం కోసిన పెయింట్ డబ్బా కింద పెట్టిన.
పదిహేడు నంబర్ పానా పక్కింటి నజీర్ భాయ్‌ది.
బోల్టు కదలదు.
పోయినసారి మెకానిక్
ఎవరి మీది కోపంతోని బిగించిండో.

టక్కుమని వదిలింది. వేళ్లు చురుక్కుమన్నయి.
నల్లగ, సన్నగ, తెగని ధార.
అండ్ల మాదాపూర్ ఫ్లైఓవర్ ఎండ ఉన్నది,
లిఫ్టుల రావొద్దంటే
పదకొండో అంతస్తుకి నేను మెట్లెక్కుతుంటే
కింద ఆగకుండ కొట్టుకున్న ఇంజన్ ఉన్నది.

సెల్లు లైటు పట్టుకున్న నా బిడ్డ మనస్విని
"గింత మురికి పెట్టుకొని ఎట్ల నడిచింది డాడీ" అన్నది.
నేను వాషర్ తుడుస్తున్న.
చాలాసేపు తుడిచిన.

కొత్తది బెల్లం పాకం రంగు.
తొమ్మిది వందలు పోసి పుల్ల తీసి చూస్తే
రెండు గీతల నడుమ నిలబడ్డది.

పాతది మోరీల పొయ్యలే.
సెంటరింగ్ మేస్త్రీ బుగ్గయ్య సీసా తెచ్చుకున్నడు.
పలకలకు రాస్తడట,
స్లాబు అంటుకోకుండ ఊడొస్తదట.
నార్సింగిల, పద్దెనిమిదో అంతస్తు.

అది గూడ ఎప్పుడో ఒక ఆర్డర్ అయితది.
లిఫ్టుల రానిస్తరో లేదో.

కిక్కు కొట్టిన. చప్పుడు మెత్తబడ్డది.
నల్లా వచ్చిందని ఎవరో ఒర్రిన్రు.
రెండుసార్లు సబ్బు పెట్టినా
గోళ్ల సందుల నలుపు పోలే.
ఇయ్యాల ప్రతి పార్సిల్
అడుగు నుంచి పట్టుకొని ఇయ్యాలె.