కాలువ కట్టేసే ఫైలు

నా ఉద్యోగం కూర్చోవడం.
ఎస్ఈ గారి గది బయట, గోడ సున్నం వెలిసిన చోట
నా వీపు ఆనిన మరకే నా సర్వీసు రిజిస్టరు.
చేరినప్పుడు బంట్రోతన్నారు,
తర్వాత ప్యూనన్నారు, అటెండరన్నారు,
ఇప్పుడు జీతం బిల్లులో ఆఫీస్ సబార్డినేట్.
స్టూలు మాత్రం అదే.
కుంటికాలు కింద మడతపెట్టిన
పాత టెండరు కాగితం కూడా అదే.

బెల్లు ఒకసారి మోగితే మంచినీళ్లు,
రెండుసార్లయితే ఫైలు,
ఆపకుండా మోగితే ఎవరి మీదో కోపం.
మెట్ల మీద నా చెప్పుల చప్పుడు వినగానే
టీ కొట్టు కోటిలింగం గ్లాసులు సర్దుతాడు,
చక్కెర లేనివి మూడు, రెండు చెంచాలది ఒకటి.
ఆ రెండు చెంచాలది నాది.

ఆదివారం కూడా నేను కూర్చునే ఉంటాను.
స్క్రూ బ్రిడ్జి దిగువన, బందరు కాలువ గట్టున,
వెదురు గాలం, జరదా డబ్బాలో ఎర్రలు,
నెమలీక ఈనెతో చేసుకున్న బెండు.
జాన్‌బీ నవ్వుతుంది,
"వారమంతా కూర్చుని, సెలవునాడూ
కూర్చోడానికే పోతున్నావా?"
ఎట్లా చెప్పను?
అక్కడ కూర్చునేది నా చెవి.
ఇక్కడ నేను.
బెండు మునిగితే లేస్తాను, మునక్కపోతే లేవను.
చేప రాలేదేమని మెమో ఇచ్చేవాడు లేడు.

జెల్ల పడితే ముల్లు దిగుతుంది.
సోమవారం ఆ వేలితోనే ఫైలు తాడు విప్పుతాను.
ఎంత తోమినా వాసన పోదు.
హైమవతి మేడం ముక్కు మూసుకుని,
అటూ ఇటూ చూసి, మెల్లిగా
"ఈసారి ఏం పడ్డాయి?" అంటుంది.
వాళ్లింట్లో చేప అన్న మాటే అనరట.
ఊరికే, తెలుసుకుందామని.

ఏప్రిల్లో ఒక ఫైలొచ్చింది.
పచ్చట్ట, ఎర్ర తాడు, పల్చటిది.
నేను చదవకూడదన్న రూలేం లేదు,
చదువుతానన్న అనుమానం ఎవరికీ లేదు, అంతే.
పూడికతీత పనుల నిమిత్తం
పదిహేనో తారీఖు అర్ధరాత్రి నుంచి కాలువలకు నీటి విడుదల నిలుపుదల.
బెల్లు. రెండుసార్లు.
గుమ్మం నుంచి బల్ల దాకా పదకొండు అడుగులు.
మా నాన్న లాకుల దగ్గర లస్కరు.
ఆయన చక్రం తిప్పితే నీళ్లు ఆగేవి,
ఆయన పోయాక కారుణ్యం కింద నాకిది ఇచ్చారు,
నేను అట్ట మోస్తే ఆగుతున్నాయి.
రెండు తరాల్లో మాకొచ్చిన ప్రమోషను.
సారు ఫోన్లో ఉన్నారు. చదవలేదు.
నేను వేలు పెట్టిన చోట సంతకం పెట్టారు,
జెల్ల ముల్లు దిగిన వేలే అది.
పెన్ను మూత కూడా నేనే పెట్టాను.

ఆ తర్వాతి ఆదివారం అలవాటుకొద్దీ వెళ్లాను.
బురద. ఒంటి చెప్పులు.
వినాయకుడు కరిగిపోగా మిగిలిన కర్రలు.
ఎవరిదో కుట్టుమిషను చక్రం.
అక్కడక్కడా మిగిలిన మడుగుల్లో
చేపల మీద చేపలు, నోళ్లు తెరుచుకుని.
రాణిగారితోట పిల్లలు బకెట్లతో దిగారు,
ఒకడు చొక్కానే వల చేశాడు.
"తాతా, గాలమెందుకు? చేత్తో తియ్యి!"
తాతనట.
గాలం గట్టు మీద పడేసి
ప్యాంటు మోకాళ్ల దాకా మడిచాను.

అప్పుడు ఫోను. సారు.
"బీరువా తాళాలెక్కడ పెట్టావ్?
ఎక్కడున్నావయ్యా నాగుల్‌మీరా?"
"కాలువలో ఉన్నానండీ."
"కాలువలోనా! మునిగిపోతావ్,
ముందు బయటికి రా!"

ఆయన సంతకం ఆరి
పట్టుమని పది రోజులు కాలేదు.

"వస్తున్నానండీ" అన్నాను.
మడమ కింద, బురదలో, ఏదో మెసిలింది.
మట్టగిడసో, మరేదో.
కదిలితే పారిపోతుందని
కాసేపు అట్లాగే నిలబడ్డాను.