తొమ్మిదో పటాలం

వంజికోట రాజ్యాన్ని పటంలో వెతక్కండి, దొరకదు.
దాని తూర్పు వాకిలి మాత్రం విశాఖపట్నమే.
యారాడ కొండ దిగువన, ఉప్పుగాలికి సున్నం రాలే గదిలో
దండు కచేరీ. నేనందులో మూడో గుమాస్తాని.
నా చేతికింద రెండు కవిలెలు, ఒక కొలతాడు,
తుమ్మజిగురు కలిపిన సిరా.

శాసనం చిన్నదే.
మెట్ట ఊళ్ళలో నాగలికొకడు, పట్నంలో గడపకొకడు,
రేవుల్లో తెప్పకొకడు.
గుంజకి వేలాడే కొలతాడు మూడో ముడికి తల తగిలితే చాలు,
ఏడేళ్ళు కొలువు.
ఇంటికి రోజుకి సోలెడు బియ్యం.
మినహాయింపు కుంటికి, గుడ్డికి, గుళ్ళో అర్చకుడికి,
దండనాయకుడి బావమరిదికి.
(చివరిది శాసనంలో లేదు. అలవాటులో ఉంది.)

ఆ ఏడు పెద జాలారిపేట వంతు నలభై ఒకటి.
ఇసకలో గుంజ పాతాను.
గుంటలు వరసకట్టారు, పంచెల కింద మోకాళ్ళు కొంచెం వంచి.
కనిపిస్తూనే ఉంది నాకు.
ఒకప్పుడు నేనూ అలాగే వంచాను,
అందుకే గుమాస్తానయ్యాను.

అరజిల్లి ముత్తేలమ్మ వచ్చింది, నెత్తళ్ళ గంప దించకుండానే.
"మా తెప్ప వంతు అయిపోనాది బావూ."
"ఎప్పుడు?"
"మొన్న కార్తీకం గాలివానకి. మా పెద్దోడు ఎల్లాజీ.
మీ రాజుకన్నా ముందొచ్చి గంగమ్మ పట్టుకెల్లిపోనాది.
ఒక్క తెప్పకి ఇద్దర్నిమ్మంటే యెక్కణ్ణించి తెత్తాను?"

శాసనం తిరగేశాను.
సముద్రం శత్రురాజ్యం కాదు.
దానితో మనకి యుద్ధం ప్రకటించి లేదు.
కాబట్టి అది చావు కాదు, గైర్హాజరు.
అదే చెప్పాను.
"గైరాజరంటే యేటి?"
"ఉండాల్సిన చోట లేకపోవడం."
"మరైతే ఆడున్న సోటు రాసుకో."

రాసుకున్నాను.
ఎందుకో ఇప్పటికీ తెలీదు. సిరా అప్పుడే కలిపాను,
ఎండిపోతుందని కావచ్చు.
అరజిల్లి ఎల్లాజీ. వయసు పంతొమ్మిది.
మూడో ముడికి తల తగిలెను.
పటాలం: తొమ్మిది.
రాజ్యంలో ఉన్నవి ఎనిమిదే.

మర్నాటికి పేటంతా తెలిసిపోయింది.
సూరాడ చిట్టోడు, గరికినోళ్ళలో తండ్రీ కొడుకూ,
ముప్పై ఏళ్ళ కిందట పోయిన ఒక తాత.
"వయసు?"
"పోనప్పటికి ఇరవైమూడు."
నలభై ఒకటీ నిండి, ఇంకా మనుషులు మిగిలారు.
వరసలో గుంటలు మోకాళ్ళు సాపు చేసుకుని
చేపలకి పోయారు.

నెలనెలా సోలలు వెళ్ళాయి.
గాదె గుమాస్తా ఒక్కసారే అడిగాడు,
తొమ్మిదో పటాలం మకాం ఎక్కడని.
"తూర్పున" అన్నాను. అబద్ధం కాదు.

రెండో ఏడు దండనాయకుడు తనిఖీకొచ్చాడు.
మెట్టవాడు, సముద్రం చూడ్డం అదే మొదలు.
గుర్రం ఇసకలో కూరుకుపోతోంది.
"ఏదీ?"
తెల్లవారుజాము. కొండముక్కు అవతల పోటు లేస్తోంది.
చెయ్యి చాపాను.
వరస వెనక వరస, తెల్ల తలపాగాలు,
ఒడ్డుదాకా వచ్చి వంగి, వెనక్కి.
చాలాసేపు చూశాడు. నమ్మాడో, నమ్మినట్టు ఉన్నాడో.
"ఆగరా?"
"సెలవు లేదు దొరా."
ఉంగరం తీసి ముద్ర వేశాడు. ముద్ర కింద ఒక్క ముక్క:
పడమటి సరిహద్దుకి తరలించవలెను.

ఆ రాత్రి కచేరీలో దీపం పెట్టి
కొలతాడు కింద నిలబడ్డాను.
మోకాళ్ళు తిన్నగా పెడితే
మూడో ముడి నా నుదుటిమీదకే వచ్చింది.

పొద్దున్నే బయల్దేరాను, కవిలె చంకలో.
తొమ్మిదో పటాలంలో నడవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.
ముత్తేలమ్మ ఎండు నెత్తళ్ళు మూటకట్టి ఇచ్చింది,
"నీకు కాదు, ఆడికిష్టం" అంటూ.

కంచరపాలెం దాటేదాకా వెనక అడుగుల చప్పుడు వినిపించింది.
తర్వాత వినిపించలేదు.
హాజరు మాత్రం రోజూ వేస్తున్నాను.