తవ్వలు, కుంచాలు

చెయ్యేరులో ఆఖరి స్తంభం దిగేసరికి
గ్లవుజుల్లో చెమట, బెల్టుకి రొయ్యల చెరువు వాసన.
కింద నూకరత్నంగారు నిలబడి ఉంది,
చేతిలో రసీదు, కొంగున తాళాలు.
"నూరని చెప్పేరు. డబ్బు నూటికే కట్టేను.
తెర మీద చూస్తే పదకొండు నిలబడ్డమే కష్టంగా ఉంది.
మిగతా ఎనభై తొమ్మిదీ ఎవరి కొట్లో దించేరమ్మాయ్?"

ఆవిడది బియ్యం కొట్టు.
ఓ మూల నూకలు, తవుడు, ఎలకల బోను.
ఇంకో మూల కంప్యూటరు,
రైతులకి ధాన్యం టోకెన్లు తీసిచ్చే పని.
ఫైలు దిగుతోంది. పచ్చగీత నింపాదిగా నిండుతోంది.
అంకె పక్కన పెద్ద బి.
నా రసీదులో చిన్న బి.
ఈ రెండక్షరాల సందులో పడి
రోజుకి ఎంతమంది నన్ను దొంగంటారో
లెక్క రాసుకోవడం మానేశాను.

బిట్టు అని మొదలుపెట్టాను. ఆవిడ మొహం తలుపేసుకుంది.
బైటు అన్నాను. గడియ కూడా పడింది.
అప్పుడు కనిపించింది బస్తాల వెనక
అంచరిగిన ఇత్తడి తవ్వ,
దాని పక్కన బోర్లించిన కుంచం.

"ఏవండీ, కుంచానికి తవ్వలెన్ని?"
"ఎనిమిది. అదేం ప్రశ్న?"
"అంతేనండి. మా తీగ తవ్వల్తో కొలుస్తుంది.
మీ కంప్యూటరు కుంచాల్తో దించుకుంటుంది.
మెగా అంటే పదిలక్షలు. అది రెండు వేపులా ఉంది,
కొట్టేద్దాం."

ఆవిడ నన్ను నమ్మలేదు, తన చేతిని నమ్మింది.
తవ్వ ముంచి, అరచేత్తో తలకొట్టి,
లాభం, రెండు, మూడు...
ఎనిమిదో తవ్వకి గింజ కుంచం అంచున ఆగింది.
పెదాలు కాసేపు కదిలేయి.
"నూటికి పన్నెండు కుంచాలు, నాలుగు తవ్వలు."
నా కాలిక్యులేటరు ఇంకా జేబులోనే ఉంది.

"మరి పదకొండేం?"
తరుగండి, అన్నాను.
ప్రతి మూటకీ ఓ చీటీ కట్టాలి,
ఎక్కణ్ణించి, ఎవరికి, ఎన్నో మూట అని.
ఆ చీటీల బరువూ తూకంలోకే వస్తుంది.
మిల్లు దగ్గర తరుగు మాట విన్న మనిషి
ఇంకేం అడుగుతుంది?

మా నాన్న లాకుల దగ్గర లస్కరు.
గేజి రాయి మీద అంగుళాలు చదివి పైకి చెప్పేవాడు,
పైవాళ్ళు వాటిని క్యూసెక్కులు చేసి
పుస్తకంలో ఎక్కించుకునేవాళ్ళు.
శివారు రైతు మాత్రం గట్టు మీద గొంతుక్కూచుని
ఒక్కటే అడిగేవాడు:
"నా మడి ఎప్పటికి తడుస్తాదండి?"
ఆ ప్రశ్న ముందు నాన్న ఎన్నిసార్లు నీళ్ళు నమిలాడో.
నేనూ ఇప్పుడు తీగ చివరే నిలబడ్డాను.

"కొలత తప్పు కాదు," అంది నూకరత్నంగారు,
"మాట తప్పు.
నూరన్నారు, నూరేంటో అనలేదు.
నా కొట్లో అలా అంటే ఈ కుంచమే నా నెత్తిన పడుద్ది."
మా కరపత్రం గుర్తొచ్చింది.
నూరు ఏనుగంత, పక్కన అక్షరం చీమంత.
రసీదు వెనక బాల్‌పెన్నుతో రాసిచ్చాను,
నూరు తవ్వలు, పన్నెండున్నర కుంచాలు,
తరుగు పోను పదకొండు చిల్లర.
కింద సంతకం పెట్టాను, కంపెనీది కాదు, నాది.
ఆవిడ దాన్ని బల్ల అద్దం కిందికి తోసింది.

బండి తీస్తుంటే మళ్ళీ పిలిచింది.
"కొబ్బరికాయల్లో వెయ్యికి కొసరుంటుంది. మీకు లేదూ?"
ఉందండి, కంప్యూటరు కొట్టుగదిలో.
అక్కడ ఒక్కోసారి వెయ్యంటే
వెయ్యిన్నీ ఇరవై నాలుగు.
తీగ మీద మాత్రం వెయ్యంటే వెయ్యే.
"పిసినారి తీగ," అంది,
ఓ గుప్పెడు బియ్యం తీసి
నా హెల్మెట్లో పోసింది.