వడగట్టాక మిగిలిన రంగు

వెంట్రుక మందంలో నూటయాభయ్యో వంతు
కన్నమున్న కాగితంలోంచి
సీసాడు నీళ్లు దించాను.
ఒండ్రు ఆగింది, నాచు ఆగింది,
ఏ పురుగుదో ఒక కాలూ ఆగింది.
కిందికి దిగిన నీళ్లలో మాత్రం
పలచని డికాషన్ చాయ
ఆగనంది.

పట్టుకుందామంటే రేణువు లేదు దానికి.
ఎక్కడో ఆకు రాలింది,
నానింది, కుళ్లింది, కరిగింది.
ఆకు పోయి, ఆకు సంగతి మిగిలింది.
మా లెక్కల్లో అది కరిగిన సేంద్రియం.
సీసాలు కడిగే నూకరత్నం మాటలో
గెడ్డ కసాయం.

మేఘాద్రి గెడ్డ
నరవలో వాళ్ల జీడితోట అంచు
కోసుకుంటూ పారేదట.
మరి గోదారి?
అది నడిచి రాలేదు.
పంపులెక్కింది. సిమెంటు కాలవలో వెల్లకిలా పడుకుని
ఆకాశాన్నే చూస్తూ వచ్చింది.
దారిలో వేరు తగల్లేదు, రెల్లు తగల్లేదు,
ఎండ ఒక్కటే తగిలింది.
శబరి తెచ్చిచ్చిన టేకాకుల రంగు
అనకాపల్లి దాటేసరికే వెలిసింది.
రిజర్వాయరులో నిలబడ్డాక
నాచు తన పచ్చివాసన కాస్త కలిపింది.

కంటికానని వెలుగు కొడితే
నీళ్లు తిరిగి వెలుగుతాయి.
తెర మీద కొండల పటంలాంటిది పడుతుంది:
ఆకూ మన్నూ ఒక శిఖరం, నాచు ఇంకోటి.
నేను ఉద్యోగంలో చేరిన ఏడు
మొదటిది యారాడ కొండంత.
కాలవ నీళ్లు కలిసీ కలిసీ
అది పుట్టయింది. పక్కది లేచింది.
రిపోర్టులో రాశాను: నాణ్యత నిలకడగా ఉంది.
అబద్ధం కాదు. నిలకడే.

మొన్న శ్రావణంలో కాలవకి గండి.
నాలుగు రోజులు గెడ్డనీళ్లే దిక్కు.
తెర మీద పాత కొండ
పాత చోటే లేచి నిలబడింది.
"ఒచ్చేసిందేటి?" అంది నూకరత్నం
తడిచేతులతో.

ఫోన్లు మొదలయ్యాయి.
మర్రిపాలెం: పసుపుగా వస్తున్నాయండీ.
కంచరపాలెం: మట్టివాసన, పిల్లలకి పట్టొచ్చా?
గాజువాక: ఎక్కడివండీ ఈ నీళ్లు?
ఎక్కడివో కాదండీ, ఇక్కడివే
అనబోయి
"సరిచేస్తున్నాం" అన్నాను.

చేయక తప్పదు.
ఆకు సారానికి క్లోరిన్ తగిలితే
పుట్టేవి మంచివి కావు.
పటిక మోతాదు పెంచమని చీటీ రాశాను,
నా చేత్తోనే.
మధ్యాహ్నానికి నీళ్లు తేటబడ్డాయి.
ఫోన్లు ఆగాయి.

షిఫ్టు దిగేటప్పుడు
నూకరత్నం సంచిలో మా సీసా ఒకటి.
పటిక పడకముందు పట్టింది.
"తాగడానికి కాదమ్మా.
మాయమ్మకి కళ్లు ఆనవు.
మూత తీసి ముక్కుకాడ ఎడతాను,
ఎక్కడివో సెప్పుద్దేమో సూద్దామని."

రిజిస్టరులో రాశాను:
ఖాళీ సీసాలు నలభై.
ఉన్నవి ముప్పైతొమ్మిది.